టెక్ సందేహాలు: ప్యాచ్‌లు ముందే కలిపిన విండోస్ ఐఎస్ఓ తయారీ

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నింటిలో విండోస్ 11 (24హెచ్2) మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. మా దగ్గరున్నది పాత ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది). దానితో ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కో కంప్యూటరూ గంటల తరబడి అప్‌డేట్లు డౌన్‌లోడ్ చేసుకుంటోంది. ఆ అప్‌డేట్లు ముందే కలిపిన ఐఎస్ఓను మేమే తయారు చేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. అయితే ముందుగా మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీ చూడండి. అక్కడి ఐఎస్ఓను ఆ సంస్థ అప్పుడప్పుడూ కొత్త అప్‌డేట్లతో మారుస్తుంటుంది కాబట్టి, తేడా ఒకటి రెండు నెలలే అయితే ఈ శ్రమ అక్కర్లేదు.

ఇందులో సమయం ఆదా కావడం ఒక్కటే కాదు, భద్రత కూడా ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ (నెట్‌వర్క్ ద్వారా తానే పాకే వైరస్ లాంటి ప్రోగ్రామ్) వ్యాపించినప్పుడు, కొత్తగా విండోస్ ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇంటర్నెట్‌కు కలిపిన కొద్దిసేపట్లోనే, ఆ ప్యాచ్ చేరకముందే వార్మ్ బారిన పడ్డాయి. ప్యాచ్ కలిపిన సీడీతో ఇన్‌స్టాల్ చేసినవారికి ఆ బెడద లేకపోయింది.

ఇక పద్ధతి. ఐఎస్ఓలోని ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైల్లోనే అసలు విండోస్ ఉంటుంది. అందులో హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ వంటి ఎడిషన్లు వేర్వేరు ఇండెక్స్ నంబర్లతో ఉంటాయి. మీకు కావలసిన ఒక్కదాన్నే విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే పని చాలా తగ్గుతుంది. తరువాత విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్‌తో ఆ ఇమేజ్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేసి (లోపలి ఫైళ్లు మార్చడానికి వీలుగా తెరిచి), మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి తెచ్చుకున్న నెలవారీ క్యుములేటివ్ అప్‌డేట్‌ను (ముందటి మార్పులనూ కలుపుకొని వచ్చే ఎంఎస్‌యూ ఫైలు) యాడ్-ప్యాకేజ్ ఆప్షన్‌తో కలపాలి. తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ వంటివి చేర్చదలిస్తే వాటిని ముందు చేర్చి, క్యుములేటివ్ అప్‌డేట్‌ను చివర కలపండి. క్రమం తిరగబడితే ఆ అప్‌డేట్‌ను మళ్లీ కలపాల్సి వస్తుంది. మీరు వాడే డిస్మ్ వెర్షన్ ఇమేజ్ వెర్షన్ కన్నా పాతది కాకూడదు.

24హెచ్2 విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఈ వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ చెక్‌పాయింట్ అప్‌డేట్ల పద్ధతి తెచ్చింది. 2024 సెప్టెంబరు నాటి కేబీ5043080 అలాంటి చెక్‌పాయింటే. ఆ తరువాతి నెలల అప్‌డేట్లు దాని మీద ఆధారపడతాయి. మీ ఐఎస్ఓ అంతకన్నా పాతదైతే చెక్‌పాయింట్ ఫైలునూ తాజా అప్‌డేట్‌నూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, తాజా ఫైలు పేరు మాత్రం కమాండ్‌లో ఇవ్వండి. అవసరమైన రెండో ఫైలును డిస్మ్ తానే వెతికి తీసుకుంటుంది.

ఏ నెల అప్‌డేట్ కలుపుతున్నామన్నదీ ముఖ్యమే. 2024 అక్టోబరు, నవంబరు సెక్యూరిటీ అప్‌డేట్లు కలిపి తయారుచేసిన మీడియాతో 24హెచ్2 ఇన్‌స్టాల్ చేస్తే, ఆ కంప్యూటర్ తరువాతి సెక్యూరిటీ అప్‌డేట్లను స్వీకరించలేని స్థితిలో ఉండిపోవచ్చని మైక్రోసాఫ్టే ప్రకటించి, డిసెంబరు 10 లేదా ఆ తరువాతి అప్‌డేట్‌తో మీడియా తయారుచేసుకోమంది. మీ ల్యాబ్‌లో ఎవరైనా ఆ రోజుల్లో తయారుచేసిన పెన్‌డ్రైవ్ ఉంటే దాన్ని ఇప్పుడే చెరిపేయండి.

రికవరీకి వాడే విన్‌ఆర్ఈ.విమ్ కూడా ఇన్‌స్టాల్.విమ్ లోపలే విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్లలో దాగి ఉంటుంది. క్యుములేటివ్ అప్‌డేట్ కలిపినంత మాత్రాన అది పూర్తిగా తాజా కాదు. రికవరీ భాగం కోసమే వచ్చే సేఫ్ ఓఎస్ డైనమిక్ అప్‌డేట్‌ను దానికి వేరుగా కలపాలి. 2024 జనవరిలో బిట్‌లాకర్‌ను (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే ఏర్పాటు) తప్పించుకునే లోపాన్ని సరిచేయడానికి ఈ రికవరీ భాగానికే ప్యాచ్ ఇచ్చినప్పుడు, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక ఎన్నో కంప్యూటర్లలో ఆ ప్యాచ్ విఫలమైంది. ముందే కలిపి ఉంచితే ఆ తిప్పలు తగ్గుతాయి. ఇన్‌స్టాలేషన్‌ను మొదలుపెట్టే బూట్.విమ్‌ను కూడా మార్చితే, అందులోని సెటప్ ఫైళ్లను సోర్సెస్ ఫోల్డర్‌లోకి తప్పక కాపీ చేయండి. రెండుచోట్లా వేర్వేరు వెర్షన్లు ఉంటే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోవచ్చు.

మార్పులను కమిట్ (సేవ్) చేసి అన్‌మౌంట్ చేశాక ఇమేజ్‌ను మరో ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే పెరిగిన పరిమాణం కొంత తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఏడీకే (విండోస్ అసెస్‌మెంట్ అండ్ డిప్లాయ్‌మెంట్ కిట్) లోని ఓఎస్‌సీడీఇమేజ్ (oscdimg) టూల్‌తో ఐఎస్ఓ కట్టి, ముందు వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. విన్‌వర్ కమాండ్ చూపే బిల్డ్ నంబరు ఆ అప్‌డేట్ పేజీలోని నంబరుతో సరిపోవాలి.

ప్రశ్న: నా దగ్గర ఇన్‌స్టాల్.విమ్‌కు బదులు ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీడియా క్రియేషన్ టూల్‌తో దించుకున్నప్పుడు ఇలాగే వస్తుంది. ఈఎస్‌డీకి నేరుగా అప్‌డేట్లు కలపడం కుదరదు. డిస్మ్‌లోని ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో విమ్‌గా మార్చుకోండి.

ప్రశ్న: తయారైన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావడం లేదు. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ బోలెడంత ఉంది.

జవాబు: ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. స్ప్లిట్-ఇమేజ్ ఆప్షన్‌లో ఫైల్‌సైజ్ 3800 ఎంబీ అని ఇచ్చి విమ్‌ను ఎస్‌డబ్ల్యూఎమ్ ముక్కలుగా చేయండి. పాత ఇన్‌స్టాల్.విమ్‌ను తీసేసి, ఆ ముక్కలన్నింటినీ సోర్సెస్ ఫోల్డర్‌లోనే ఉంచితే విండోస్ సెటప్ వాటిని గుర్తిస్తుంది.