‘అయిష్టంగా’ అని రాస్తాం సరే, నోటితో ఏమంటాం?

‘అయిష్టంగా ఒప్పుకున్నాడు’ అంటే ఒప్పుకున్నట్టా కాదా, మామూలు మాటల్లో ఇది వాడతామా అని అడిగారు.

ఒప్పుకున్నట్టే. మనసులో ఇష్టం లేదు, పని మాత్రం జరిగింది. పేపర్లో ఎక్కువగా ‘అయిష్టంగానే’ అని కనిపించేది అందుకే. ‘అయినా చేశాడు’ అన్న అర్థమంతా ఆ ‘నే’లో ఉంది. ‘అయిష్టంగా ఉన్నాడు’ అంటే మాత్రం ఇంకా దారికి రాలేదని.

సంస్కృతం లెక్కన ‘లేదు’ అని చెప్పే ‘అ’, అచ్చు ముందు ‘అన్’గా మారి ‘అనిష్టం’ కావాలి. ఆ మాటా మనకుంది గానీ కీడు అనే అర్థంలో స్థిరపడింది. కాబట్టి ‘అనిష్టంగా ఒప్పుకున్నాడు’ అని రాయకండి.

ఇక మాటల్లో అంటారా, గుంటూరు బ్రాడీపేటలో నేను అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పటి సంగతి చెప్తాను. అడ్వాన్సు 20 వేలు. సున్నం వేయించాలి, ట్యాపు మార్చాలి అంటూ ఓనరు గారు నెల రోజులు తిప్పారు. చివరికి వేలు తడి చేసుకుంటూ ఐదొందల నోట్లు రెండుసార్లు లెక్కపెట్టారు. నా చేతిలో పెట్టాక కూడా కట్ట కొస వదల్లేదు. బయటికొచ్చాక అక్క ఫోన్ చేస్తే, ‘ఏడుస్తూ ఇచ్చాడక్కా’ అన్నాను. ‘అయిష్టంగా ఇచ్చాడు’ అనుంటే ‘ఏంట్రా, వార్తలు చదువుతున్నావా?’ అనేది.

ఆయన కంట్లో చుక్క తడి లేదు. ఆ ఏడుపు కడుపులో మంట. అదే గొణుక్కుంటూ ఇస్తే ‘ముక్కుతూ మూలుగుతూ’. నోరు మెదపకపోతే ‘మూతి ముడుచుకుని’. వేరే దారి లేక చేస్తే ‘చచ్చినట్టు’. ఇందులో చెప్పేవాళ్ల సంబరం కూడా కాస్త కలుస్తుంది. అక్క అన్నది అదే: ‘చచ్చినట్టు ఇస్తాడని చెప్పానా!’

‘మనసొప్పక’ వేరు. అందులో కోపం లేదు, బాధ ఉంది. కూతుర్ని బెజవాడ కాలేజీ హాస్టల్లో దింపిన తల్లి వెనక్కి రావడానికి మనసొప్పక గేటు దగ్గరే నిలబడిపోతుంది.

చాలామంది తికమకపడేది ‘మొక్కుబడిగా’ దగ్గర. (దుర్గమ్మ కొండ మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ మొక్కు తీర్చుకునే ఆడవాళ్లను చూస్తే ఈ మాటకు ‘శ్రద్ధ లేకుండా’ అనే అర్థం అన్యాయమే అనిపిస్తుంది.) ఇందులో కోపమూ లేదు, శ్రద్ధా లేదు. పిల్లాడు తిట్టుకుంటూ హోంవర్క్ రాస్తే అయిష్టంగా రాసినట్టు. టీవీ చూస్తూ గీకి పారేస్తే మొక్కుబడిగా రాసినట్టు.