టెక్ సందేహాలు: కొత్త ఫైల్ ఏదో స్క్రిప్టుకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా ఆఫీసు లైనక్స్ సర్వర్‌లోకి రోజూ రాత్రి సరుకుల ధరల పట్టిక సీఎస్‌వీ ఫైల్‌గా వస్తుంది. కొత్తగా వచ్చిన రెండు ఫైళ్లను పోల్చి, తేడా ఉంటే మెయిల్ పంపేలా బాష్ స్క్రిప్టు రాశాను. ‘ఎల్‌ఎస్ హైఫన్ టీ’తో ఫైళ్లను సమయం వరుసలో పేర్చి, పైన వచ్చే రెండు పేర్లను తీసుకుని పోల్చే కమాండ్ ‘డిఫ్’కు ఇస్తున్నాను. ఒక్కోసారి పాత ఫైల్‌నే కొత్తదిగా పట్టుకుంటోంది. ఒక్కోసారి సగం సరుకులు మాయమైనట్టు మెయిల్ వస్తోంది. పొద్దున ఫైల్ తెరిచి చూస్తే అన్నీ ఉంటున్నాయి. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ డిఫ్‌లో లోపం లేదు. ఫైళ్లను ఎంచుకునే తీరులోనే ఉంది. ‘ఎల్‌ఎస్ హైఫన్ టీ’ చూసేది ఫైల్ పుట్టిన సమయాన్ని కాదు, అందులోని సమాచారం చివరిసారి మారిన సమయాన్ని. ఎవరైనా పాత పట్టిక తెరిచి ఒక్క అక్షరం దిద్ది సేవ్ చేస్తే అది జాబితా పైకి వచ్చేస్తుంది. బ్యాకప్ నుంచి మామూలు కాపీ కమాండ్ ‘సీపీ’తో తెచ్చినా అంతే. పాత సమయం నిలవాలంటే ‘సీపీ హైఫన్ పీ’ వాడాలి.

ఫైల్ వివరాలు చివరిసారి మారిన సమయం, అంటే సీటైమ్ చూద్దామన్నా కుదరదు. పర్మిషన్ మార్చినా అది మారిపోతుంది. అసలు పుట్టిన సమయాన్ని లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ దాచి ఉంచుతుంది. 2017లో వచ్చిన లైనక్స్ కెర్నల్ 4.11 నుంచి దాన్ని చదివే వీలు కూడా ఉంది. కానీ కాపీ చేసిన ఫైల్‌కు కాపీ చేసిన క్షణమే పుట్టిన సమయం అవుతుంది కాబట్టి మీ సమస్య అలాగే ఉంటుంది.

అందుకే తేదీని ఫైల్ పేరులోనే పెట్టించండి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో. మనకు రోజు ముందు రాయడం అలవాటు. అలా రాస్తే అక్షర క్రమంలో 02-01-2025 తర్వాత 31-12-2024 వస్తుంది. 2024-12-31, 2025-01-02 అని రాస్తే అక్షర క్రమం, కాలక్రమం ఒకటే. అప్పుడు స్టార్ గుర్తుతో పేర్లన్నీ ఒక అర్రే (జాబితా)లోకి తీసుకుని చివరి రెండూ వాడుకోవచ్చు. పేర్లలో ఖాళీలున్నా భయం లేదు. రెండు ఫైళ్లయినా ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోండి.

సగం పట్టిక సంగతికొస్తే, ఫైల్ ఇంకా రాస్తుండగానే మీ స్క్రిప్టు చదివేస్తున్నట్టుంది. పంపేవాళ్లను ముందు అదే ఫోల్డర్‌లో వేరే ఎక్స్‌టెన్షన్‌తో రాసి, పూర్తయ్యాక ‘ఎంవీ’తో అసలు పేరు పెట్టమనండి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది, సగం ఫైల్ ఎవరికీ కనబడదు. వాళ్లు ఒప్పుకోకపోతే, ‘ఫైండ్’లో ‘ఎమ్‌మిన్ ప్లస్ 5’ పెట్టి, కొన్ని నిమిషాలుగా మార్పు లేని ఫైళ్లనే తీసుకోండి. ఇది మొదటి పద్ధతంత నమ్మకమైనది కాదు. నెట్‌వర్క్ మధ్యలో ఆగితే సగం ఫైల్ కూడా కదలకుండా కూర్చుంటుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. డిఫ్ పని ముగించాక ఇచ్చే అంకె, అంటే ఎగ్జిట్ కోడ్ 0 అయితే ఫైళ్లు ఒకటే, 1 అయితే తేడా ఉంది, 2 అయితే పోల్చడమే కుదరలేదు. చాలా స్క్రిప్టులు 0 కానిదంతా తేడా అనుకుంటాయి. ఫైల్ దొరక్కపోయినా ‘ధరలు మారాయి’ అని మెయిల్ వెళ్తుంది. దుకాణం లెక్కలు దీని మీద నడిచేటప్పుడు అది చిన్న పొరపాటు కాదు, 2కు వేరే మెయిల్ పెట్టండి. స్క్రిప్టు మొదట్లో, 0 కాని కోడ్ రాగానే స్క్రిప్టును ఆపే ‘సెట్ హైఫన్ ఈ’ ఉంటే ఇంకో చిక్కు. డిఫ్ 1 ఇవ్వగానే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, మెయిలే రాదు. డిఫ్‌ను ‘ఇఫ్’ లోపల పెడితే ఆగదు.

వరుసల క్రమం రోజూ మారుతుంటే రెండింటినీ ‘సార్ట్’ చేసి పోల్చండి. ఒక ఫైల్ విండోస్‌లో తయారైతే వరుస చివర అదనపు గుర్తు (సీఆర్) ఉండి ప్రతి వరుసా తేడాగా కనబడొచ్చు. దానికి డిఫ్‌లో ‘స్ట్రిప్ ట్రెయిలింగ్ సీఆర్’ ఆప్షన్ ఉంది. ఇక స్క్రిప్టును రోజూ ఒకే సమయానికి నడిపే క్రాన్‌లో పెట్టేటప్పుడు ఫోల్డర్‌కు పూర్తి పాత్ ఇవ్వండి, క్రాన్ మామూలుగా మీ హోమ్ డైరెక్టరీ నుంచే స్క్రిప్టును నడుపుతుంది.