విమానానికి పెట్రోల్ ఇంజిన్: చీటీ పాడుకోమంటారా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం 54,000. ఇంటి అప్పు వాయిదాతో కలిపి నెల ఖర్చు 40,000. బ్యాంకులో 25,000 ఉంది. లక్ష రూపాయల చీటీ కడుతున్నాను. 20 నెలల చీటీ, ఇది ఐదో నెల. నా రిమోట్ కంట్రోల్ విమానంలోని గ్లో ఇంజిన్ (మిథనాల్ కలిసిన ఇంధనంతో నడిచేది) తీసేసి 20 సీసీ పెట్రోల్ ఇంజిన్ బిగించాలని ఉంది. 40,000 అవుతుంది. ఇంధనం మీద నెలకు వెయ్యి మిగులుతుంది. 25,000 వదులుకుంటే ఈ నెల చీటీ నాకే వస్తుంది. పాడుకోమంటారా? చాలకపోతే క్రెడిట్ కార్డు ఈఎంఐ ఉంది.

జవాబు: వద్దండీ. చీటీని పొదుపు అనుకుంటూనే దాన్ని అప్పుగా వాడేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీకు రాస్తున్నాను. పాటలో పోయే 25,000లో కమీషన్ కింద 5,000 ఎలాగూ పోతుంది అనుకున్నా, తొందరపడినందుకు మీరు చెల్లించే ధర 20,000. అంటే ఇరవై నెలల ఇంధనం ఆదా మొత్తం పాటలోనే పోయింది. ఇంజిన్ ఖరీదు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆ 40,000 కూడా నిలవదు. నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ కావాలి. గ్లో ఇంధనానికి వాడే సిలికాన్ ట్యూబులు పెట్రోల్‌కు ఆగవు, ట్యాంకు బిరడా కూడా మార్చాలి. ప్రొపెల్లర్ పెద్దది పడుతుంది, ఇంజిన్ బిగించే ముందు పలక, అంటే ఫైర్‌వాల్, గట్టి చేయాలి. ముక్కు బరువెక్కితే సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) జరుగుతుంది, సర్దడానికి సామాన్లన్నీ వెనక్కి జరపాలి. ఆ ఖర్చు కార్డు మీదికి వెళ్లిందనుకోండి. ఒక్క వాయిదా తప్పినా బాకీ మీద ఏడాదికి 40 శాతం పైగా కూడా వడ్డీ పడగల కార్డుతో సరదా వస్తువు కొనడమేమిటండీ?

అసలు నా భయం ఇంజిన్ గురించి కాదు. మీ దగ్గరున్న 25,000 ఒక నెల ఖర్చుకే చాలదు. చీటీ పాడుకున్నాక ఇంకా 15 వాయిదాలు కట్టాలి. మధ్యలో ఉద్యోగం పోతే చీటీవాళ్లు వెళ్లేది మీకు జామీను పడ్డవాళ్ల ఇంటికి. మీ సరదాకు వాళ్లెందుకు తలవంచుకోవాలి?

చీటీని చివరిదాకా ఉంచండి. అప్పుడు వచ్చే 95,000, బ్యాంకులోని 25,000 కలిస్తే మూడు నెలల ఖర్చు. చీటీ వాయిదా పోగా నెలకు మిగలాల్సిన 9,000 ఎటు పోతోందో మీరు రాయలేదు. అందులో 8,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 15 నెలల్లో మరో మూడు నెలల ఖర్చు జమవుతుంది. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండేదాకా ఆ డబ్బు జోలికి వెళ్లొద్దు. ఇది ఒక్కటి చేయండి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఇంజిన్ కోసం చీటీ డివిడెండు (పాటలో వదులుకున్న డబ్బులో మీకొచ్చే వాటా), మిగిలిన వెయ్యి వేరే ఖాతాలో దాచుకోండి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటార్ కూడా చూడొచ్చు.

మరో మాట. రిమోట్ కంట్రోల్ విమానాలకూ వర్తించే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన వాటికి థర్డ్ పార్టీ బీమా ఉండాలి. 20 సీసీ విమానం కిలోల్లో ఉంటుంది, అది ఎవరి మీదైనా పడితే ఆసుపత్రి బిల్లు మీదే. మీ ఉత్తరంలో బీమా ఊసే లేదు. ఇప్పుడున్న గ్లో ఇంజిన్‌తో ఎగరేస్తున్నా సరే, ముందు ఆ పాలసీ తీసుకోండి.