అమ్మమ్మ కాసును అమ్మే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ పెట్టెలో దొరికిన కాసు ఫోటోలను భూతద్దం పెట్టి చూశాను. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండోవైపు గుర్రం మీద నుంచి డ్రాగన్‌ను సంహరిస్తున్న సెయింట్ జార్జి, కింద 1918 ఉన్నాయి కాబట్టి ఇది సవరన్ అనే బ్రిటిష్ బంగారు నాణెమే అనుకుంటున్నాను. సంవత్సరానికి సరిగ్గా పైన, నేలగా గీసిన గీత మధ్యలో, చిన్న నిలువు గీత లాంటి ఇంగ్లిష్ అక్షరం ‘ఐ’ ఉందేమో చూడు. ఉంటే అది బొంబాయిలో ముద్రించినది. అక్కడ సవరన్లు ఆనాడు ముద్రించింది ఆ ఒక్క ఏడాదే. అక్కడ ‘ఎస్’ ఉంటే సిడ్నీ, ‘ఎమ్’ ఉంటే మెల్‌బోర్న్, ‘పి’ ఉంటే పెర్త్. బొంబాయివి సుమారు 13 లక్షలు ముద్రించారు కనుక, అక్షరం కనిపించగానే నిధి దొరికిందని సంబరపడకు.

తరువాత బరువు. కొత్త సవరన్ 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, చేతులు మారి అరిగినదైతే 7.94 దాకా తగ్గినా ఫరవాలేదు. ఆ పైన, పాయింటు తరువాత రెండంకెలు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, సన్నని దారానికి కట్టిన కాసును అడుగు తాకకుండా పూర్తిగా ముంచు. త్రాసు 0.45, 0.46 గ్రాముల దగ్గర నిలవాలి. అదే బరువున్న ఇత్తడి బిళ్ల అయితే దాదాపు దానికి రెట్టింపు చూపుతుంది. ఇందులో నెగ్గినా టంకశాల కాసే అని రూఢి కాదు. 1950, 60 దశకాల్లో బీరూట్‌లో నిజమైన బంగారంతోనే దొంగ సవరన్లు చేశారు. అక్షరాల అంచులు మొద్దుబారి, ఖాళీ జాగాలో చిన్న బుడిపెలు కనిపిస్తే అనుమానించు.

సవరన్ 22 క్యారెట్లది; అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరను 7.32తో గుణిస్తే వచ్చే మొత్తమే నీ బేరానికి పునాది. హాల్‌మార్క్ లేదని, తరుగు పోతుందని దుకాణంలో ధర తగ్గించబోతారు. ఇది రాళ్లు, లక్క ఉన్న నగ కాదని చెప్పి, బంగారం శాతం చూపే యంత్రం, అదే క్యారెట్ మీటరు మీద నీ కళ్లముందే పరీక్షించమను. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకు. పాత నాణేల సేకర్తలు ఇచ్చే అదనపు ధర కాసు ఉన్న స్థితిని బట్టే ఉంటుంది. కొక్కెం అతికిన టంకం మచ్చ ఉంటే అది దాదాపు రాదు. నేనే ఒకప్పుడు మీ అత్తయ్య పుట్టింటి కాసును మెరిపిద్దామని పళ్లపొడితో తోమాను. రాజుగారి చెంప మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకొక మాట. నూరేళ్లు దాటిన నాణెం మన చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. డాలస్‌లో ఉన్న మీ అక్కకు పంపే ఆలోచన ఉంటే మానుకో. పండక్కి వచ్చేటప్పుడు కాసును దూదిలో చుట్టి తీసుకురా, త్రాసు నా దగ్గర ఉంది.

మీ మామయ్య