నట్టల మందు తాగించినా గడ్డం కింద వాపు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు 80 నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. మూడు నెలలకోసారి మంద మొత్తానికి ఆల్బెండజోల్ తాగిస్తున్నాం. గుణం లేకపోతే ఫెన్‌బెండజోల్‌కు మారాం. అయినా ఈ వానాకాలంలో కొన్నిటికి గడ్డం కింద నీరు దిగింది, ఆరు చనిపోయాయి. పారుడు లేదు. డోసు పెంచమంటారా?
– ఓ పాఠకుడు, వనపర్తి జిల్లా

జవాబు: ఇప్పుడే పెంచకండి. అసలు ఆ మందు మీ మందలో పనిచేస్తోందా లేదా అన్నది ముందు తేలాలి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ ఒకే కుటుంబం మందులు. ఒకదానికి లొంగని నట్టలు రెండోదానికీ లొంగవు. సీసా మారింది గానీ మందు మారలేదన్నమాట.

పారుడు లేకుండా గడ్డం కింద వాపు, నీరసం, చావులు అంటే ముందుగా అనుమానించాల్సింది హీమాంకస్ అనే రక్తం పీల్చే నట్ట. గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. ఒక్కోటి రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం లాగేస్తుంది. వెయ్యి ఉంటే 50 మి.లీ. పోతుంది. దాంతో రక్తంలో మాంసకృత్తులు పడిపోయి గడ్డం కింద నీరు చేరుతుంది. ఇకమీద ఏదైనా చనిపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి చేత కోయించి చూడండి. నాలుగో పొట్టలో 2–3 సెం.మీ. పొడవున, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు కనిపిస్తే అదే ఆడ హీమాంకస్. కార్జం కూడా కోసి చూడమనండి. చెరువు కింద మేసే జీవాలకు కార్జంలో చేరే జలగ పురుగుల వల్లా ఇదే వాపు వస్తుంది. ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి రక్తం కారి ఉంటే మాత్రం కళేబరాన్ని కోయనివ్వకండి, దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు.

మందు పనిచేస్తోందా అన్నది పెంటికల పరీక్షలో తేలుతుంది. 10–15 గొర్రెలకు గుర్తు వేసి, గ్లౌజు తొడుక్కుని మలద్వారం నుంచే పెంటికలు తీయండి. నేల మీదివి పనికిరావు. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు పంపాలి. ఎండలో ఉంచితే వాటిలోని నట్టల గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది. మందు తాగించిన 14వ రోజున అవే గొర్రెల పెంటికలు మళ్లీ ఇవ్వండి. గుడ్ల సంఖ్య 95 శాతమైనా తగ్గకపోతే ఆ మందుకు నట్టలు మొండికేసినట్టే.

అయితే డోసు సరిగ్గా పడకపోయినా ఫలితం ఇలాగే ఉంటుంది. గొర్రెకు కిలో బరువుకు 7.5 మి.గ్రా. ఆల్బెండజోల్ కావాలి. 2.5 శాతం ద్రావణమైతే 40 కిలోల గొర్రెకు 12 మి.లీ. చాలామంది పెద్దా చిన్నా తేడా లేకుండా ఒకే మూతతో పోస్తారు. బరువైన వాటికి మందు చాలక, నట్టలు చావకుండా రాటుదేలతాయి. తూకం వేయండి, సీసా బాగా కుదపండి, గొట్టం నాలుక వెనక దాకా పెట్టి పోయండి. నోటి ముందు భాగంలో పోస్తే మందు పెద్దపొట్టలో పడకుండా జారిపోయి పూర్తిగా పనిచేయదు. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు.

వాపు ఉన్నవాటికి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకండి. వేరే కుటుంబం మందు, ఉదాహరణకు క్లోసాంటెల్, కిలోకు 10 మి.గ్రా. చొప్పున డాక్టరు చేత తాగించండి. మోతాదు మించితే చూపు పోయే ప్రమాదం ఉంది, అంచనా మీద వేయొద్దు. అవి తేరుకునేదాకా దూరం తోలకుండా దొడ్డిలోనే ఉంచి వేరుశనగ చెక్క పెట్టండి.

మంద మొత్తానికి ఒకేసారి తాగించే పద్ధతి మానుకోండి. వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి పగటి వెలుతురులో కింది రెప్ప లాగి లోపలి పొర చూడండి. ఎర్రగా ఉంటే వదిలేయండి, తెల్లబడితే తాగించండి. గులాబీ రంగుకు దిగితే పిల్లలకు, చూడి గొర్రెలకు మాత్రం ఇవ్వండి. మందు తగలని గొర్రెల్లో మందుకు లొంగే నట్టలు మిగులుతాయి. వాటి సంతతి మేతలో కలిసినన్నాళ్లూ మొండి నట్టలు మందంతా ఆక్రమించలేవు.