కాకి ముట్టేదాకా ఆగకు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న పెద్దకర్మ ముగిసి, హైదరాబాదు బండి ఎక్కబోతూ, "రేపు నా గతీ ఇంతే కదా పెదనాన్నా, ఈ పరుగంతా దేనికి?" అని అడిగావు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

నీకు కలిగినది శ్మశాన వైరాగ్యం. చితి మండుతున్నంతసేపూ ఆస్తి, హోదా, పంతం అన్నీ తేలిపోతాయి గానీ, ఇంటికి వచ్చి స్నానం చేసేసరికి పాత లెక్కలు మళ్లీ భుజానికెక్కుతాయి. రోజూ ప్రాణులు పోతున్నా మిగిలినవారు తాము శాశ్వతమనుకోవడమే అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యమని ధర్మరాజు యక్షుడితో అన్నది ఇందుకే. పరుగు మానమని నేను చెప్పను. పిల్లల చదువు, ఇంటి అప్పు నెత్తిన ఉన్నవాడికి వైరాగ్యం పేరుతో పని వదిలే హక్కు లేదు. కాని ఆ తలపు చల్లారకముందే దానిని ఒక అలవాటుగా మార్చుకో.

పదో రోజున కోటిలింగాల రేవులో పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఆకులో అన్నం ఎండకు బిరుసెక్కి, నల్ల నువ్వులు పైకి తేలుతున్నా కాకి గోడ దిగలేదు. నువ్వు అప్పులు తీరుస్తానన్నావు, మీ మేనత్త మీ అమ్మను చూసుకుంటానంది, అయినా కదలలేదు. అప్పుడు నేను ముందుకు వెళ్లి అన్న మాట నీకు వినబడి ఉండదు. "గట్టు తగాదాలో తప్పు నాదేరా తమ్ముడూ" అన్నాను. పుష్కరకాలం గొంతులో దాచుకున్న మాట అది. కాకి వచ్చి ముట్టింది, కాని వినవలసినవాడు లేడు.

అందుకే ఏటా మీ నాన్న తద్దినం నాడు, భోజనాలయ్యాక, గంటసేపు ఒక్కడివే కూర్చుని, రేపు నీ పిండం దగ్గర కాకి దేనికోసం ఆగుతుందో ఆలోచించి కాగితం మీద రాసుకో. డబ్బు బాకీలు తేలిక. నామినీ పేర్లు సరిచూసి, దస్తావేజులు ఎక్కడున్నాయో భార్యకు చెప్పి ఉంచితే చాలావరకు చిక్కులు తప్పుతాయి. మాట బాకీలే బరువు. వాటిలో ఒక్కదానినైనా ఆ వారంలోనే, ఫోనులో కాకుండా ఎదుటపడి తీర్చు.

ఆయుష్షును ఏళ్లతో లెక్కిస్తే చాలా ఉన్నట్టే అనిపిస్తుంది కనుక, గోదావరి పుష్కరాలతో లెక్కించు. 1967లో మా నాన్న చేయి పట్టుకుని మునిగాను. 2015లో మీ నాన్నా నేనూ ఒకే రేవులో, పలకరించుకోకుండా, చెరొక మెట్టు మీద కూర్చుని ఆ నాన్నకే పిండాలు పెట్టాం. 2027లో వచ్చేవి నాకు ఆరవవి, బహుశా చివరివి. నలభై ఏళ్ల నీకు, దేవుడు చల్లగా చూస్తే, మరో నాలుగు ఉంటాయేమో.

నగల పంపకంలో మీ అక్కతో మాటలు ఆగిపోయాయని విన్నాను. ఈ ఆదివారం ఆమె ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న