అనంతపురం ఎండకు గిటార్ చెక్క పగులుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. ఎండలు ముదిరాక నా గిటార్ ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు కడ్డీల) కొసలు చేతికి గుచ్చుకుంటున్నాయి. అసలు చెక్క ఇంత పల్చగా ఎందుకు చేస్తారు?

ఆ పల్చదనంలోనే శబ్దం ఉందండి. పై చెక్క మందం సుమారు 3 మిల్లీమీటర్లే. తీగల అదురును బ్రిడ్జి (పై చెక్కకు అతికించిన, తీగలను పట్టి ఉంచే చెక్క ముక్క) ఆ చెక్కకు అందిస్తే, చెక్క గాలిని కదిలిస్తుంది. 19వ శతాబ్దపు స్పెయిన్ పనివాడు ఆంటోనియో డి టోరెస్ పై చెక్కను పల్చగా చేసి, లోపల విసనకర్ర పుల్లల్లా సన్న బద్దలు అతికించాడు. స్వరానికి ప్రాణం పై చెక్కేనని చూపడానికి 1862లో వెనుక, పక్క భాగాలను కాగితపు గుజ్జు అట్టతో చేసి మరీ గిటార్ కట్టాడు. ఎంత ధైర్యమో చూడండి!

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. గిటార్ అలా కాదు, పలకలను జిగురుతో అతికించి కడతారు. పైగా ఆరు స్టీలు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి.

తేమ పోతే చెక్క అడ్డంగా కుదించుకుంటుంది, లోహపు ఫ్రెట్లు కుదించుకోవు. అందుకే మెడ అంచు నిమిరితే రంపపు పళ్లలా తగులుతుంది. ఇది తొలి హెచ్చరిక. నిర్లక్ష్యం చేస్తే పై చెక్క కుంగి, నారల వెంట పగులుతుంది.

ఇప్పుడే ఫ్రెట్లను ఆకురాయితో అరగదీయించకండి. గిటార్‌ను పెట్టెలో ఉంచి, చిల్లుల సబ్బుపెట్టెలో గట్టిగా పిండిన తడి స్పాంజి పక్కన పెట్టండి. పెట్టెలో గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. కారులో మాత్రం వదలొద్దు, ఆ వేడికి బ్రిడ్జి కింది జిగురు వదులైపోతుంది.